రొయ్యల ప్లాంటు ఈటీపీకి (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే యూనిట్‌కు) ఏరోబిక్ గ్రాన్యులర్ స్లడ్జ్ పనికొస్తుందా? భీమవరం నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. రోజుకు 300 కిలోలీటర్ల వ్యర్థజలం వస్తుంది. సీవోడీ (నీటిలోని సేంద్రియ మలినానికి కొలత) లీటరుకు 1500 మిల్లీగ్రాములు, మొత్తం నైట్రోజన్ 150 దాకా ఉంటోంది. వచ్చే నీళ్లను ఆపి సర్దే 60 కిలోలీటర్ల ఈక్వలైజేషన్ ట్యాంకు, గాలి కొట్టి బ్యాక్టీరియాను పెంచే 300 కిలోలీటర్ల ఏరేషన్ ట్యాంకు, దాని వెనుక బురదను కిందికి దించే క్లారిఫైయర్ ఉన్నాయి. ఆరు నెలలుగా క్లారిఫైయర్‌లో బురద కిందికి దిగకుండా నీళ్లతో పాటు డ్రెయిన్‌లోకి పోతోంది. ఒక కంపెనీ వాళ్లు వచ్చి ‘ఏరోబిక్ గ్రాన్యులర్ స్లడ్జ్ పెట్టేద్దాం, గ్రాన్యూల్స్ మేమే తెచ్చి పోస్తాం, నెల రోజుల్లో రెడీ, స్థలం పావు వంతు చాలు, కరెంటు సగం అవుతుంది’ అన్నారు. పక్కన చెరువు ఉండటంతో విస్తరించడానికి స్థలం లేదు. ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఇదే పద్ధతి మన మున్సిపాలిటీలకు కూడా పనికొస్తుందా అని చివర్లో ఇంకో ప్రశ్న వేశారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడే సంతకం పెట్టకండి. టెక్నాలజీ నిజమైనదే, మంచిదే. మీలాంటి ప్లాంటుకు సరిగ్గా కుదిరితే చాలా మేలు చేస్తుంది కూడా. కానీ మీ బురద తేలడానికి కారణం ఏరేషన్ ట్యాంకులో లేదని, దానికంటే ముందున్న చోట ఉందని నా అంచనా. ఆ కారణం అలాగే ఉంచి గ్రాన్యూల్స్ తెచ్చి పోస్తే అవి కూడా కొన్ని వారాల్లో ఇప్పటి బురదలాగే అయిపోతాయి. ఎందుకో వివరంగా చెప్తాను. డెల్టాలో రొయ్యల, చేపల ప్లాంట్ల ఈటీపీలు చూసుకోవడమే నా పని కాబట్టి మీ సమస్య నాకు కొత్త కాదు.

గ్రాన్యూల్ అంటే ఏమిటో మొదట. మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్‌లో, అంటే ఇప్పుడు మీ ట్యాంకులో ఉన్నలాంటి బురదలో, బ్యాక్టీరియా దూదిపింజల్లా వదులుగా అంటుకుని ఉంటుంది. దాన్ని ఫ్లాక్ అంటాం. అదే బ్యాక్టీరియాను సరైన పద్ధతిలో పెంచితే తను విడుదల చేసే జిగురుతోనే బిగుసుకుని గట్టి గుళికలా తయారవుతుంది. లోపల ఇసుక రేణువో ప్లాస్టిక్ ముక్కో ఏమీ ఉండదు, మొత్తం సూక్ష్మజీవులే. కనీసం 0.2 మిల్లీమీటర్ల సైజు ఉండాలి. బాగా కుదిరిన ప్లాంటులో 1 నుంచి 2 మిల్లీమీటర్ల గుళికలు కనిపిస్తాయి. అరచేతిలో పోసుకుంటే గుండ్రంగా, గోధుమ రంగులో విడివిడిగా ఉంటాయి. వేలితో మెల్లగా రాస్తే జారతాయి గానీ వెంటనే చితికిపోవు.

ఈ తేడా ఎంతో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. మీ దగ్గర ఒక లీటరు కొలజాడీ ఉంటుంది కదా. ఏరేషన్ ట్యాంకు నీళ్లు అందులో పోసి, 5 నిమిషాలకు ఒకసారి, 30 నిమిషాలకు ఒకసారి బురద మట్టం చూడండి. మామూలు బురద 5 నిమిషాలకు ఇంకా పైనే ఉండి, అరగంటకు మెల్లగా దిగుతుంది. గ్రాన్యూల్స్ అయితే 5 నిమిషాలకే దాదాపు పూర్తిగా కూర్చుంటాయి. 30 నిమిషాలకు చూసినా మట్టం పెద్దగా మారదు. ఆ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉంటే గ్రాన్యులేషన్ అంత బాగా జరిగినట్టు. మీరు రాసిన లెక్క ప్రకారం ఎంఎల్ఎస్ఎస్ (ట్యాంకు నీటిలో బురద ఎంత ఉందన్న కొలత) లీటరుకు 3 గ్రాములు, అరగంట తర్వాత బురద 850 మిల్లీలీటర్లు. 850ని 3తో భాగిస్తే 283. ఇదే ఎస్‌వీఐ, అంటే ఒక గ్రాము బురద ఎన్ని మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుందన్న లెక్క. 150 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది, మీది దానికి రెట్టింపు దగ్గర ఉంది. మంచి గ్రాన్యులర్ ప్లాంటులో లీటరుకు 8 గ్రాముల బురద ఉన్నా జాడీలో 400 మిల్లీలీటర్లకు దిగిపోతుంది, అంటే ఎస్‌వీఐ 50.

ఈ ఒక్క గుణం వల్లే మిగతా లాభాలన్నీ వస్తాయి. ఫ్లాక్ గంటకు ఒక మీటరు దిగితే గొప్ప. గ్రాన్యూల్ గంటకు 10 మీటర్లు, అంతకంటే ఎక్కువే దిగుతుంది. అందుకని వేరే క్లారిఫైయర్ అవసరం లేదు, అదే ట్యాంకులో గాలి ఆపేస్తే 20 నిమిషాల్లో బురద కింద, తేట నీళ్లు పైన. అదే ట్యాంకులో రెండు మూడు రెట్లు బురద పెట్టుకోవచ్చు. మీ లెక్కే వేద్దాం. రోజుకు 300 ఘనపు మీటర్లు, సీవోడీ 1500 అంటే 450 కిలోలు. ఇప్పుడు మీ ట్యాంకులో ఉన్న బురద 900 కిలోలు. ప్రతి కిలో బురదకు రోజుకు అర కిలో సీవోడీ పడుతోంది. అది ఎక్కువ లోడు, నైట్రోజన్ తీసే బ్యాక్టీరియా ఆ పరిస్థితిలో నిలదొక్కుకోలేదు. అదే ట్యాంకులో 8 గ్రాముల గ్రాన్యూల్స్ ఉంటే 2400 కిలోల బురద. లోడు కిలోకు 0.19 దగ్గరకు పడిపోతుంది. కొత్త ట్యాంకు కట్టకుండానే మీ ప్లాంటు చాలినంత పెద్దది అవుతుంది. స్థలం లేని మీకు ఇదే అసలు ఆకర్షణ, కంపెనీ వాళ్లు ఈ మాట చెప్పడంలో తప్పేం లేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో మార్క్ వాన్ లోస్‌డ్రెక్ట్ బృందం 1990ల నుంచి దీని మీద పనిచేసింది. ‘నెరెడా’ పేరుతో బయటికి వచ్చిన పద్ధతి అదే. ఆ దేశంలో మొదటి పెద్ద మున్సిపల్ ప్లాంటు ఎపే పట్టణంలో 2011లో నడవడం మొదలుపెట్టింది. 2018లో ఆయనకు బ్రూస్ రిట్‌మన్‌తో కలిపి స్టాక్‌హోమ్ వాటర్ ప్రైజ్ ఇచ్చారు. మన దేశంలో కల్పాక్కంలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు హెచ్‌జీఎస్‌బీఆర్ పేరుతో సొంతంగా ఒక పద్ధతి తయారుచేశారు. 2025 ప్రయాగ్‌రాజ్ మహాకుంభమేళాలో దాన్ని వాడారు కూడా. అందుకని ‘ఇదంతా విదేశాల్లోనే, మన వేడికి నడవదు’ అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. డిస్టిలరీల్లో, చక్కెర మిల్లుల్లో యూఏఎస్‌బీ అనే గాలి లేని రియాక్టర్లలో కనిపించే నల్ల గ్రాన్యూల్స్ వేరు. అవి గాలి లేకుండా బతికేవి. వాటిని తెచ్చి ‘ఇవే గ్రాన్యూల్స్’ అని చూపిస్తే నమ్మకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గ్రాన్యూల్ ఎందుకు ఏర్పడుతుంది? గ్రాన్యూల్స్ కొని పోసుకునేవి కావు, మేపుకొని తయారుచేసుకునేవి. బయటి నుంచి తెచ్చి పోసే గ్రాన్యూల్స్ పాలల్లో వేసే తోడు లాంటివి. తోడు ఉంటే త్వరగా అవుతుంది, నిజమే. కానీ పాలు విరిగి ఉంటే ఎంత మంచి తోడు వేసినా పెరుగు కాదు.

మేత ఎలా పెట్టాలంటే, మురుగునీటిని గాలి లేకుండా, ట్యాంకు అడుగు నుంచి, కూర్చుని ఉన్న బురద పొరలోకి మెల్లగా, గంటా గంటన్నర సేపు ఎక్కించాలి. అడుగున బురద చుట్టూ సీవోడీ చిక్కగా ఉంటుంది. ఆ సమయంలో ఆక్సిజన్ లేదు కాబట్టి గబగబా పెరిగే బ్యాక్టీరియా ఆ తిండిని వాడుకోలేదు. కొన్ని రకాలు మాత్రం గాలి లేనప్పుడే తిండిని లోపలికి తీసుకుని కొవ్వులా దాచుకోగలవు. అక్యుములిబ్యాక్టర్, కాంపెటిబ్యాక్టర్ లాంటివి ఆ రకం. తర్వాత గాలి పెట్టేసరికి నీటిలో తిండి అయిపోయి ఉంటుంది. దాచుకున్నవి మాత్రమే మెల్లగా తింటూ మెల్లగా పెరుగుతాయి. మెల్లగా పెరిగే బ్యాక్టీరియా గట్టిగా, నున్నగా అల్లుకుంటుంది. గాలి పెట్టాక కూడా నీటిలో తిండి మిగిలి ఉంటే, దాన్ని తిని గబగబా పెరిగేవి గుళిక మీద వెంట్రుకల్లా మొలుస్తాయి, గుళిక తేలికైపోతుంది. దీనితో పాటు కూర్చునే సమయం తక్కువ ఇచ్చి, దిగలేని తేలిక బురదను ప్రతి సైకిల్‌లో బయటికి పంపాలి. ఈ రెండూ కలిస్తేనే గ్రాన్యులేషన్. మీకు వచ్చిన ప్రతిపాదనలో గాలి లేకుండా అడుగు నుంచి మేత పెట్టే దశ ఎంతసేపో, ఏ పైపుల ద్వారానో రాసి ఉందా? మీరు పంపిన వివరాల్లో ఆ ఊసే లేదు. ‘గ్రాన్యూల్స్ పోస్తాం’ అన్న మాట ఒక్కటే ఉంది. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

ఇప్పుడు మీ ఈక్వలైజేషన్ ట్యాంకు. 60 కిలోలీటర్లు. మీ ప్లాంటు రెండు షిఫ్టుల్లో, అంటే సుమారు 16 గంటల్లో 300 కిలోలీటర్లు వదులుతుంది. గంటకు 19 దాకా లోపలికి వస్తుంది, 24 గంటలకు సర్దితే బయటికి పోవాల్సింది 12.5. ఆ తేడా ఒక్కటే 16 గంటల్లో 100 కిలోలీటర్లు పోగవుతుంది. అదీగాక గ్రాన్యులర్ పద్ధతి బ్యాచ్‌లుగా నడుస్తుంది. 6 గంటల సైకిల్‌లో గంటన్నర మాత్రమే నీళ్లు తీసుకుంటుంది, మిగతా నాలుగున్నర గంటలు నీళ్లు ఎక్కడో ఆగాలి. అన్నీ కలిపితే కనీసం 150 కిలోలీటర్లు కావాలి. ‘స్థలం పావు వంతు చాలు’ అన్న మాటలో ఈ ట్యాంకు లెక్క లేదు. ఆ మాట పెద్ద మున్సిపల్ ప్లాంట్లలో పాత పద్ధతితో పోల్చి చెప్పేది.

ట్యాంకు చిన్నదవడం ఒక బాధ, అందులో నీళ్లు కదలకుండా ఉండటం ఇంకో బాధ. మీరు పంపిన ఫొటోలో ట్యాంకు అంచులు నల్లగా ఉన్నాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుందని రాశారు. రొయ్య తలలు, పెంకు ముక్కలు, మీసాలు అడుగున చేరి మన ఎండకు కుళ్లుతున్నాయి. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్. సల్ఫైడ్ ఏరేషన్ ట్యాంకులోకి వెళ్తే థయోత్రిక్స్ అనే దారపు బ్యాక్టీరియాకు అదే పండగ. అది దారాలు దారాలుగా పెరిగి ఫ్లాక్‌ను విడదీసి ఉంచుతుంది, బురద దిగదు. మీ 283కు కారణం ఇదేనని నా అనుమానం. రూఢి చేసుకోవడం తేలిక. భీమవరంలో ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా మైక్రోస్కోప్ కింద ఒక చుక్క చూడమనండి. దారాల లోపల మెరిసే చిన్న చిన్న గంధకం చుక్కలు కనిపిస్తే థయోత్రిక్స్ లేదా దాని చుట్టం బెగ్గియాటోవా. ఆ చుక్కలు లేకుండా దారాలు మాత్రమే ఉంటే ఆక్సిజన్ తక్కువై వచ్చినవి కావచ్చు, అప్పుడు గాలి కొట్టే బ్లోయర్ వైపు చూడాలి.

ఇదే సల్ఫైడ్, ఇదే పెంకు చెత్త గ్రాన్యూల్స్‌కు కూడా శత్రువు. కరగని ప్రొటీన్ తుక్కు గాలి లేని గంటన్నరలో జీర్ణం కాదు. గుళిక పైన అతుక్కుని, గాలి పెట్టాక మెల్లగా కరుగుతూ, బయటి పొర మీద వెంట్రుకలు మొలిపిస్తుంది. అందుకని ముందు 1 మిల్లీమీటరు రోటరీ డ్రమ్ స్క్రీన్ పెట్టండి. ఈక్వలైజేషన్‌లో ముతక బుడగల గాలితో నీళ్లు కలుపుతూ ఉండండి, అడుగున పేరుకున్నదాన్ని తీయించండి. దాని తర్వాత ఒక డీఏఎఫ్ (సన్నని గాలి బుడగలతో తుక్కును పైకి తేల్చి తీసే యూనిట్) పెట్టగలిగితే తేలే ప్రొటీన్ నురగ అక్కడే పోతుంది. ఈ పనులు గ్రాన్యులర్ పద్ధతికి వెళ్లినా వెళ్లకపోయినా చేయాల్సినవే. చాలా ప్లాంట్లలో ఇంతవరకు చేస్తేనే క్లారిఫైయర్ తేరుకుంటుంది.

క్లోరిన్ గురించి మీరు ఒక్క మాటా రాయలేదు, కానీ అదీ ఉంటుంది. కాళ్లు ముంచే తొట్టెల్లో 200 పీపీఎం దాకా కలుపుతారు. షిఫ్ట్ అయ్యాక టేబుళ్లు, నేల కడిగే నీళ్లలోనూ బాగానే ఉంటుంది. మామూలుగా ప్రొటీన్ ఎక్కువున్న నీటిలో క్లోరిన్ త్వరగానే ఖర్చైపోతుంది. కానీ తొట్టెలన్నీ ఒకేసారి కాలువలోకి ఒంపేస్తే, చిన్న ఈక్వలైజేషన్ ట్యాంకు దాన్ని పలచబరచలేదు. మొదట చచ్చేది అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా. అది తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది. ఆ నీళ్లను వేరే చిన్న ట్యాంకులో పట్టి, సోడియం బైసల్ఫైట్‌తో క్లోరిన్ విరిచి, మెల్లగా వదలండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

రొయ్యలు నానబెట్టే ఉప్పు, ఎస్‌టీపీపీ ద్రావణం కూడా అంతే. ఉప్పు ఒక మోతాదులో స్థిరంగా ఉంటే బ్యాక్టీరియా అలవాటు పడుతుంది. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితేనే గుళికలు విచ్చిపోతాయి. ఎస్‌టీపీపీ అంటే ఫాస్ఫేటే, కాబట్టి మీ నీళ్లలో భాస్వరం మామూలు మురుగునీటి కంటే ఎక్కువ ఉంటుంది. గ్రాన్యులర్ పద్ధతి భాస్వరాన్ని కూడా తీస్తుందని వాళ్లు చెప్పి ఉంటారు. తీసేది అక్యుములిబ్యాక్టర్. మన నీటి వేడి 30 డిగ్రీలు దాటినప్పుడు కాంపెటిబ్యాక్టర్ దాని మీద పైచేయి సాధించే అవకాశం ఎక్కువ. అది గుళిక బాగానే కడుతుంది, భాస్వరం మాత్రం తీయదు. పైగా ఏ బ్యాక్టీరియా తీసినా భాస్వరం ఆవిరైపోదు. బురదలోకి చేరుతుంది, ఆ బురదను రోజూ కొంత బయటికి తీస్తేనే ప్లాంటు నుంచి పోయినట్టు. మిగిలిన భాస్వరాన్ని రసాయనంతో పట్టడానికి ఆలమ్ లేదా ఫెర్రిక్ డోసింగ్ పంపు ఉంచుకోండి.

నైట్రోజన్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన ప్రాంతానికి ముఖ్యమైనది అదే. మీరు వదిలే నీళ్లు డ్రెయిన్‌లో పడతాయి. యనమదుర్రు కానివ్వండి, గొంతేరు కానివ్వండి, మన డ్రెయిన్లకు వాలు తక్కువ. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దిగువన నీళ్లు వెనక్కి తంతాయి. కాలువలు కట్టేసే వేసవిలో డ్రెయిన్‌లో మంచినీరు కలవదు, ఉన్నదంతా మనం వదిలిందే. ఆ నీళ్లనే దిగువ రైతులు మోటార్లు పెట్టి చెరువుల్లోకి తోడుకుంటారు. పీహెచ్ 8 దాటి, ఎండ ముదిరితే అమ్మోనియాలో విషపు భాగం పెరుగుతుంది. మీ ప్లాంటుకు రొయ్యలు అమ్మే రైతు చెరువులోనే ఆ రొయ్యలు మేత మానేస్తాయి. సాధారణ నిబంధనల ప్రకారం డ్రెయిన్‌లోకి, లీటరుకు మిల్లీగ్రాముల్లో, బీవోడీ (సూక్ష్మజీవులు తినగల మలినానికి కొలత) 30, సీవోడీ 250, తేలే ఘనపదార్థం 100, అమ్మోనియా నైట్రోజన్ 50 మించకూడదు. కాలుష్య నియంత్రణ మండలి మీకిచ్చిన కన్సెంట్‌లో ఇంకా తక్కువ రాసి ఉంటే అదే వర్తిస్తుంది. నా మట్టుకు నేను అమ్మోనియాను 5 లోపు తేవాలనే డిజైన్ చేస్తాను. 50 అనేది కాగితం మీద సరిపోతుంది, పక్క చెరువుకు సరిపోదు.

మీ నీళ్లలో రోజుకు 45 కిలోల నైట్రోజన్ ఉంది. ప్రతి కిలో అమ్మోనియా నైట్రోజన్‌ను నైట్రేట్ చేయడానికి 4.57 కిలోల ఆక్సిజన్, 7.14 కిలోల ఆల్కలినిటీ (నీటి క్షారగుణం, కాల్షియం కార్బొనేట్ లెక్కలో) ఖర్చవుతాయి. అంటే నైట్రోజన్‌కే రోజుకు 206 కిలోల దాకా ఆక్సిజన్. మీ బ్లోయర్ సీవోడీకి మాత్రమే లెక్కేసి పెట్టింది అయితే ఇది అందులో లేదు. పైగా 20 డిగ్రీల నీటిలో 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే కరుగుతుంది. ఈ కారణంగానే ‘కరెంటు సగం’ అన్న మాట మీకు వర్తించదు. ఇప్పుడు మీ ప్లాంటు అమ్మోనియాను దాదాపు ముట్టుకోవడం లేదు. రేపు అది కూడా తీయడం మొదలుపెడితే బిల్లు తగ్గకపోగా కొంత పెరగొచ్చు. సరిగ్గా పనిచేసే రెండు ప్లాంట్లను పోల్చినప్పుడు గ్రాన్యులర్‌లో కరెంటు తక్కువే, అది నిజం. బురదను వెనక్కి తోడే పంపులు, మిక్సర్లు ఉండవు.

అయితే గ్రాన్యూల్‌లో ఒక చక్కటి ఏర్పాటు ఉంది, నాకు ఈ పద్ధతి నచ్చడానికి ముఖ్య కారణం అదే. ఆక్సిజన్ గుళిక బయటి పొరలోకే, 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకానే వెళ్లగలదు. బయటి పొరలో అమ్మోనియా నైట్రేట్ అవుతుంది. ఆ నైట్రేట్ లోపలికి దిగి, అక్కడ ఆక్సిజన్ లేకపోవడంతో, దాచుకున్న తిండిని వాడుకుని నైట్రోజన్ వాయువైపోతుంది. రెండు పనులూ ఒకే గుళికలో, ఒకే సమయంలో. ఇలా జరిగితే ఖర్చైన ఆక్సిజన్‌లో కిలోకు 2.86, ఆల్కలినిటీలో 3.57 తిరిగి వస్తాయి. రొయ్య ప్రొటీన్ విడిపోయి అమ్మోనియా అయ్యేటప్పుడు ఇంకో 3.57 ఆల్కలినిటీ పుడుతుంది. రెండూ కలిపితే 7.14, ఖర్చుకు సరిగ్గా సరి. అంటే మీ నీటిలో నైట్రేట్ పూర్తిగా వాయువైపోయేలా నడిపితే సున్నం గానీ సోడా గానీ పోయాల్సిన పని దాదాపు ఉండదు. ఇది జరగాలంటే గాలి మితంగా ఉండాలి. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంచండి. 5కు, 6కు పెంచితే ఆక్సిజన్ గుళిక లోపలిదాకా వెళ్లి రెండో పని ఆగిపోతుంది, నైట్రేట్ అలాగే బయటికి వస్తుంది. మన ఆపరేటర్లకు ‘గాలి ఎక్కువ పెడితే మంచిది’ అని అలవాటు. ఈ పద్ధతిలో ఆ అలవాటు మాన్పించాలి. బ్లోయర్‌కు వేగం పెంచి తగ్గించే వీఎఫ్‌డీ, ట్యాంకులో డీవో మీటరు తప్పనిసరి.

ఈక్వలైజేషన్, స్క్రీన్, క్లోరిన్ మూడూ సరిచేశాక మళ్లీ ఎస్‌వీఐ చూడండి. అప్పుడు మారుద్దామనిపిస్తే ఇలా చేయమంటాను. ఏరేషన్ ట్యాంకునే బ్యాచ్ రియాక్టర్ చేయండి. అడుగున రంధ్రాల పైపుల వల, పైన తేట నీళ్లు తీసే డికాంటర్. 6 గంటల సైకిల్: 90 నిమిషాలు గాలి లేకుండా మేత, 210 నిమిషాలు గాలి, 20 నిమిషాలు కూర్చోవడం, 40 నిమిషాలు తేట తీయడం. ఒక్కో సైకిల్‌కు 75 కిలోలీటర్లు. కూర్చునే సమయాన్ని మొదట్లోనే 20 నిమిషాలకు తగ్గించకండి, బురదంతా పోతుంది. 60 నిమిషాలతో మొదలుపెట్టి, బురద దిగే వేగం పెరిగేకొద్దీ వారం వారం తగ్గించండి. ఈ దశలో తేలిక బురద బయటికి రావడం సహజం, రావాలి కూడా. కాబట్టి పాత క్లారిఫైయర్‌ను కొట్టేయకండి. డికాంటర్ నీళ్లు దాని గుండా పోనిస్తే ఆ బురద డ్రెయిన్‌లో పడకుండా అక్కడ దొరుకుతుంది. ‘క్లారిఫైయర్ తీసేసి ఆ స్థలం వాడుకోండి’ అని కంపెనీ వాళ్లు అంటే కనీసం మొదటి ఏడాది ఒప్పుకోవద్దు. వాళ్లు చెప్పిన నెల రోజులు మంచి తోడు, స్థిరమైన మేత ఉంటేనే సాధ్యం. మీ ప్లాంటుకు కొన్ని నెలలు అనుకుని ప్లాన్ చేసుకోండి.

బ్యాచ్ పద్ధతికి మారడం ఇష్టం లేకపోతే మధ్యస్థంగా ఇంకో దారి ఉంది. పారబోసే బురదను హైడ్రోసైక్లోన్ (సుడి తిప్పి బరువైనదాన్ని వేరుచేసే పరికరం) గుండా పంపి, బరువైనదాన్ని వెనక్కి తెచ్చుకుని, తేలికైనదాన్నే పారబోయడం. పూర్తి గ్రాన్యూల్స్ రావు గానీ బురద బరువెక్కి దిగడం మెరుగవుతుంది. ఉన్న క్లారిఫైయర్ ఉన్నట్టే వాడుకోవచ్చు.

కరెంటు పోతే కంగారు అక్కర్లేదు. గాలి కొన్ని గంటలు లేకపోయినా గుళికలు తట్టుకుంటాయి. కరెంటు వచ్చాక సైకిల్‌ను మేత నుంచి కాకుండా గాలి దశ నుంచి మొదలయ్యేలా సైకిల్ నడిపే పీఎల్‌సీ కంట్రోలర్‌లో పెట్టించండి, అంతే. సరుకు రాని రోజుల్లో, అంటే వైరస్ వచ్చి పంట దెబ్బతిన్నప్పుడో, రేట్లు పడి రైతులు పట్టుబడి ఆపినప్పుడో, మేత పూర్తిగా ఆపేయకండి. సైకిళ్లు తగ్గించి, గాలి తగ్గించి, ఈక్వలైజేషన్‌లో దాచిన నీళ్లు కొంచెం కొంచెం ఇవ్వండి. మళ్లీ సరుకు వచ్చిన రోజే పూర్తి లోడు ఒక్కసారిగా వేయకుండా నాలుగైదు రోజుల్లో పెంచండి.

కొత్త ఈక్వలైజేషన్ ట్యాంకును భూమిలో తవ్వించకండి. మన నల్లరేగడి, అందులోనూ చెరువు పక్కన, రెండడుగులు తవ్వితే నీళ్లు. వానాకాలంలో శుభ్రం చేయడానికి ట్యాంకు ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి ట్యాంకే పైకి లేస్తుంది, గోడలు పగులుతాయి. నేల మీద బోల్టెడ్ స్టీల్ ట్యాంకు ఎత్తుగా పెట్టించండి. 5 మీటర్ల ఎత్తున్నది 7 మీటర్ల వ్యాసంలో 150 దాటి పడుతుంది. మీరు చెప్పిన జనరేటర్ షెడ్డు వెనుక జాగా దానికి సరిపోతుంది. పునాదికి మట్టి పరీక్ష మాత్రం మానకండి.

మున్సిపాలిటీల సంగతి. పట్టణాల్లో స్థలం ఖరీదు చూస్తే ఈ పద్ధతి ఆకర్షణీయమే. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బీవోడీ 10, మొత్తం నైట్రోజన్ 10, భాస్వరం 1 అని చెప్పిన స్థాయికి చేరగల పద్ధతుల్లో ఇదీ ఒకటి. కానీ మన ఊళ్లలో ఇంటి మురుగు చాలావరకు సెప్టిక్ ట్యాంకు మీదుగా తెరిచిన కాలువల్లో పోతుంది. వాన నీరు, ఊట నీరు కలిసి బాగా పలచనైపోతుంది. అంత పలుచని మేతతో గ్రాన్యులేషన్ చాలా మెల్లగా జరుగుతుంది. భూమి కింద సరైన మురుగు పైపులు ఉన్న చోట, లేదా సెప్టిక్ ట్యాంకర్ల మురుగును కొలిచి కలపగలిగే చోట ఆలోచించొచ్చు. పైపులు లేకుండా కాలువ నీళ్లు మళ్లించి కట్టే ప్లాంటుకు నేనైతే సిఫారసు చేయను.

కంపెనీ వాళ్లతో మళ్లీ మాట్లాడేటప్పుడు, వాళ్లు కట్టిన ప్లాంటులో రొయ్యలో చేపలో ప్రాసెస్ చేసేది ఒకటి చూపించమనండి. మీరే జాడీ పట్టుకుని వెళ్లి 5 నిమిషాల, 30 నిమిషాల అంకెలు రాసుకోండి. ఒప్పందంలో చివరి విడత డబ్బును ‘గ్రాన్యూల్స్ పోశాక’ అని కాకుండా, పూర్తి లోడు మీద మూడు నెలలు వరసగా ఆ రెండు అంకెలు, అమ్మోనియా, నైట్రేట్ ఒప్పుకున్న పరిధిలో ఉన్నాక అని రాయించండి. ఈలోగా మైక్రోస్కోప్ ఫొటో, ఈక్వలైజేషన్ నుంచి బయటికి వచ్చే నీటిలో సల్ఫైడ్, షిఫ్ట్ కడిగిన గంటకు మిగిలిన క్లోరిన్, ఏరేషన్ ట్యాంకులో ఉదయం సాయంత్రం డీవో పంపండి. అవి చూసి బ్లోయర్ సైజు, మేత పైపుల లెక్క వేసి పెడతాను.